ఇయర్‌ఫోన్‌లో అత్తయ్య

సోమవారం

మాటల మేడమ్ ఇవాళ నాకు క్లాసు పీకింది. వైద్యం అత్తయ్యకి, క్లాసు నాకు.

"స్ట్రోకు వచ్చాక మొదటి ఆర్నెల్లే ముఖ్యం. మాటలు తిరిగొస్తే ఇప్పుడే రావాలి, తర్వాత చాలా కష్టం అని చెప్పానా లేదా?"

"చెప్పారు మేడమ్."

"మరి ఆవిడ ఒక్క అక్షరం కూడబలుక్కునేలోపు మీరు మూడు వాక్యాలు అనేస్తున్నారేంటి? ఆవిడ నోట్లో మాట మీరే లాగేసుకుంటున్నారమ్మా."

"ఆవిడ అవస్థ చూడలేకపోతున్నాను మేడమ్. ఆ పెదవులు అలా కొట్టుకుంటుంటే…"

"చూడండి. చూస్తూ ఊరుకోండి. మాట్లాడకపోతే ప్రాణం పోతుందనిపిస్తే ఫోన్లో టైప్ చేసుకోండి."

అత్తయ్య పక్కనే కూర్చుని తల ఊపింది. ఎంత ఊపిందో! మెడ విరిగేట్టు ఊపింది.

అలా మొదలైంది ఈ టైపింగు. షాపులో కూర్చుని కొట్టుకుంటున్నాను. దీనికి తాళం కూడా పెట్టుకున్నాను. మా ఆయన కళ్ళబడితే ఆయన ఏడిపించే ఏడిపింపుకి నేను ఇల్లు వదిలి పోవాలి. ఎవరి రాతలు వాళ్ళవి.

బుధవారం

మా వదిన, అంటే మా ఆయన అక్క, పార్సిల్ పంపింది. మాటలు వినే డబ్బా. పిలిస్తే పలుకుతుంది, పాట పెట్టమంటే పెడుతుంది, టైము చెబుతుంది, అడిగిందానికి జవాబిస్తుంది. అమ్మ పొద్దస్తమానం ఒక్కతే ఉంటుంది కదా, దానితోనైనా మాట్లాడుతుందని వదిన ఉద్దేశం. నల్లగా, నున్నగా, గుండ్రంగా ఉంది. మా ఆయన చూడగానే "గుండ్రాయి" అన్నాడు. పేరు ఖాయమైపోయింది.

బిగించడం నా వంతే. ఈ ఇంట్లో ఫోను గురించి ఏదైనా నా వంతే. నా నంబరు, నా ఫోన్లో యాప్, అత్తయ్య మంచం పక్కన స్టూలు మీద గుండ్రాయి.

మా ఆయన బ్రెడ్డు నములుతూ ఏదో అడిగాడు. "క్షమించండి, అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి" అంది. ఇంకోసారి అడిగాడు. "క్షమించండి, అర్థం కాలేదు."

అత్తయ్య నవ్వింది. సగం మొహంతోనే. కానీ నవ్వు! ఆసుపత్రి నుంచి వచ్చాక ఇదే మొదటిసారి.

తర్వాత నాకు తట్టింది. ఈ నాలుగు నెలల్లో ఆవిడ మాట అర్థం కానప్పుడల్లా మేమంతా మొహం అదోలా పెట్టాం. నేనైతే కళ్ళనీళ్ళు కూడా పెట్టాను. ఈ గుండ్రాయికి మొహమే లేదు. ఆవిడైనా ఒకటే, ఆవిడ కొడుకైనా ఒకటే.

శనివారం

పిలిచింది! అత్తయ్య గుండ్రాయిని పేరు పెట్టి పిలిచింది! నీలం లైటు వెలిగింది!

పొద్దున్నించి పిలుస్తూనే ఉంది. నేను వంటింట్లో నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను, అక్షరాలా కుక్కుకునే. ఒక్కో అక్షరం బరువు మూటలా ఎత్తి కింద పెడుతోంది. జారిపోతోంది. మళ్ళీ ఎత్తుతోంది. నేనైతే పదోసారికి ఆ గుండ్రాయిని గోడకేసి కొట్టేదాన్ని. ఆవిడ చెమట తుడుచుకుని, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలుపెట్టింది.

లైటు వెలగ్గానే నా వైపు చూసింది. సిటీ బస్సుల్లో టికెట్ ఇన్‌స్పెక్టరుగా చేసిన మనిషి మరి. ఆ రోజుల్లో ఆవిడ బస్సెక్కి "టికెట్" అని ఒక్క మాటంటే వెనక సీటువాళ్ళు కూడా జేబులు తడుముకునేవాళ్ళట. గొంతు పెంచేది కాదట. టికెట్ లేనివాణ్ణి అందరి ముందూ అడిగేది కూడా కాదట. కిందకి దించి, పక్కకి తీసుకెళ్ళి అడిగేదట. మా పెళ్ళయిన కొత్తలో డిపో వాళ్ళు చెబితే, అబ్బో అనుకున్నాను. ఇవాళ ఆ గొంతు ఒక్క క్షణం వినిపించింది.

మంగళవారం, షాపులో

ఒక సంగతి కనిపెట్టాను. గుండ్రాయి యాప్‌లో ఆవిడ అన్న ప్రతి మాటా ఉంది! పక్కన చిన్న బాణం గుర్తు. నొక్కితే ఆవిడ గొంతే వినిపిస్తుంది. నేను షాపుకి వచ్చాక ఏమేం అందో మొత్తం.

"టై… టైమ్… ఎంత."
"వా… వాన… వస్తుందా."
"పా… పాట."

మధ్యాహ్నం బేరాలుండవు. ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాను. "వాన" దగ్గర ఏడుపొచ్చింది. మా ముందు "నీళ్ళు" అనడానికే కిందా మీదా పడే మనిషి, అక్కడ వాన గురించి కబుర్లాడుతోంది!

ఇది వినడం మంచిదే. మెరుగెలా ఉందో తెలుస్తుంది. మేడమ్‌కి చెప్పొచ్చు కూడా.

గురువారం

మేడమ్‌కి చెప్పాను. "ప అక్షరం బాగా పలుకుతోంది, ళ దగ్గర తడబడుతోంది" అని. ఆశ్చర్యపోయింది. "భలే గమనిస్తున్నారే!" అంది. నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

ఎలా గమనిస్తున్నానో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు. అడిగితే చెప్పేదాన్నే.

శనివారం

విన్నాను. ఐదు మాటల వాక్యం. "ఈ రోజు పేపర్లో ఏముందో చెప్పు." మధ్యలో మూడుసార్లు ఆగింది గానీ, వదల్లేదు. సాయంత్రం ఇంటికెళ్తూ ఆవిడకి ఇష్టమైన బిస్కెట్లు కొనుక్కెళ్ళి ఇచ్చాను. ఎందుకో చెప్పలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది.

సోమవారం, షాపులో

ఇవాళ ఒక ముక్క ఆవిడది కాదు. నాది. టీవీలో ఎవరో ఏదో అంటే గుండ్రాయి తనే లేచి కూర్చున్నట్టుంది, నిన్న రాత్రి భోజనాల దగ్గర మా మాటలు పట్టేసింది.

అత్తయ్య: "నా… నాకు…"
నేను: "నీళ్ళా? మందా? ఫ్యాను పెంచనా? తగ్గించనా? దుప్పటా? కాలు లాగుతోందా?"
అత్తయ్య: "కా…"
నేను: "కాలే! కాలేనండీ! నూనె తీసుకురండి!"

ఆవిడకి కావాల్సింది కాలు కాదు. కాకరకాయ కూర కావాలి. నిన్న నూనె రాయించుకుంటూ కంచం వైపు చూసింది పాపం. ఇప్పుడు అర్థమవుతోంది.

నా గొంతు మరీ అంత గట్టిగా ఉంటుందా? దాని మైకు ఎక్కువ చేసి వినిపిస్తుందేమో.

మంగళవారం

దాని మైకు బాగానే ఉంది. మా ఆయన్ని అడిగాను, నేను ఎక్కువ మాట్లాడతానా అని. ఆయన చెప్పులేసుకుని బయటికెళ్ళిపోయాడు.

గురువారం, షాపులో

పొద్దున విన్నది ఇంకా చెవిలోనే ఉంది.

చాలా చిన్న గొంతుతో అడిగింది. పక్కగదిలో ఎవరో ఉన్నట్టు. ఇంట్లో ఎవరూ లేరు ఆ టైములో.

"ద… దగ్గితే… త… తడి… అవుతోంది. ఎందుకు."

గుండ్రాయి బోలెడు చెప్పింది. స్ట్రోకు తర్వాత చాలామందికి ఉంటుందని, వ్యాయామాలున్నాయని, ప్యాడ్లు దొరుకుతాయని, డాక్టరుకి చెప్పమని. ఆవిడ అంతా విని, "స… సరే" అంది.

అయ్యో అత్తయ్యా. ఎన్ని రోజులనుంచో. అందుకేనా మంచం దిగేటప్పుడు అంత జాగ్రత్తగా దిగుతోంది, అందుకేనా తన బట్టలు తనే ఒంటిచేత్తో పిండుకుంటానని పంతం.

నేను అమ్మే సరుకే కదా ఇది! లోపలి బట్టలు, నైటీలు, బాలింతలవి, పెద్దవాళ్ళవి, అన్నీ. నా షాపుకి ఆడవాళ్ళు ఊరవతల నుంచి కూడా వస్తారంటే ఎందుకు? నేను సైజు పైకి చెప్పను. కంటితో కొలుస్తాను, గళ్ళ కాగితంలో చుడతాను, చేతికిస్తాను. వాళ్ళు నోరు విప్పనక్కర్లేదు. అదే నా వ్యాపారం, అదే నా పేరు.

పెద్దవాళ్ళు తొడుక్కునే ప్యాడ్లలో అన్నింటికన్నా మెత్తని రకం, ఆవిడ సైజుది, తీశాను. గళ్ళ కాగితంలో చుట్టాను. సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్ళినప్పుడు అలమరలో బట్టల కింద పెట్టాను. ఒక్క మాట మాట్లాడలేదు. నేను! ఒక్క మాట!

మేడమ్ చూస్తే మెచ్చుకునేది.

శుక్రవారం

గుండ్రాయి వైరు పీకేసి ఉంది. కరెంటు పోయిందేమో అనుకున్నాను. కరెంటు ఉంది.

శనివారం

మాట్లాడలేదు.

ఆదివారం

మా ఆయన అడిగాడు. "ఏమైందే అమ్మకి? పొద్దున 'టీ' అని కూడా అనలేదు. కప్పు చూపించింది."

"వాతావరణం మారింది కదండీ."

"వాతావరణం మారితే మాట పోతుందా?"

"పెద్దవాళ్ళకి పోతుంది."

ఆయన నన్నే చూస్తూ ఉన్నాడు. నేను గిన్నెలు తోమాను. తోమినవే తోమాను.

సోమవారం

తడి సంగతి ఆవిడ గుండ్రాయికి తప్ప ఎవరికీ చెప్పలేదు. అలమరలో ప్యాకెట్ చూస్తే, నాకెలా తెలిసిందో ఆవిడకి అర్థం కాదా? ఇంత చిన్న లెక్క నాకెందుకు తట్టలేదు? నేను ఆవిడ పరువు కాపాడానని మురిసిపోయాను. నోరు మూసుకుంటే చాలనుకున్నాను. చెవుల సంగతి మర్చిపోయాను.

మంచికే విన్నాను. నిజంగా మంచికే.

"వాన" వినడం మంచికే. సరే. మరి దాని తర్వాత? మధ్యాహ్నం బేరం లేనప్పుడు సీరియల్ చూసినట్టు విన్నాను కదా. ఒక బేరం వస్తే విసుక్కున్నాను కూడా, మధ్యలో ఆపాల్సొచ్చిందని.

మంగళవారం

మేడమ్ దగ్గరికి తీసుకెళ్ళాను. గంటసేపు అత్తయ్య పెదవి విప్పలేదు. బొమ్మలు చూపిస్తే వేలితో చూపించింది, అంతే. మేడమ్ మొహం వాడిపోయింది.

"మొన్న ప అక్షరం బాగా పలుకుతోందన్నారు కదా?"

అత్తయ్య నా వైపు తిరిగింది. మెల్లగా. 'ఓహో, ఇక్కడ కూడానా' అన్నట్టు.

ఆవిడని బయట బెంచీ మీద కూర్చోబెట్టి నేను మళ్ళీ లోపలికి వెళ్ళాను. చెప్పేశాను. మొత్తం. మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"అందుకా మీకు అన్నీ తెలుసు!"

"మంచికే మేడమ్…"

"ఆవిడకి తప్పుగా మాట్లాడటానికి ఒక్క చోటు దొరికిందమ్మా. ఎవరూ వినరు, ఎవరూ జాలిపడరు అనుకుని తప్పులు చేసుకుంటూ నేర్చుకుంటోంది. ఆ చోటు పోయింది. ఇప్పుడు ఆగిపోయిందంటే ఉన్న మాటలు కూడా జారిపోతాయి."

"ఏం చెయ్యమంటారు?"

"ఆవిడకే చెప్పండి. నాకు చెప్పినట్టు కాదు. క్లుప్తంగా."

బుధవారం

చెప్పాలని వెళ్ళాను. మా ఆయన అక్కడే ఉన్నాడు. రాత్రి మందు ఇచ్చి వచ్చేశాను.

గురువారం

పొద్దున మా ఆయన డ్యూటీకి వెళ్ళేదాకా అత్తయ్య గోడవైపు తిరిగి పడుకుంది. గేటు చప్పుడయ్యాక లేచి కూర్చుంది. నన్ను చూసి ఎడం చెయ్యి చాపింది. అరచేయి పైకి పెట్టి.

టికెట్.

కొడుకు ముందు అడగలేదు. వారం రోజులుగా అడగొచ్చు, ఒక్క సైగ చాలు, ఇంట్లో రాద్ధాంతం అయ్యేది. అడగలేదు. కిందకి దించి అడుగుతోంది.

ఫోను ఆ చేతిలో పెట్టాను.

"నేను విన్నాను అత్తయ్యా. అన్నీ."

ఇంకా చాలా వచ్చాయి నోట్లోకి. మంచికే అని, మేడమ్‌కి చెప్పడానికని, ఇంకోసారి వినను, ఒట్టు అని. పెదవి కొరుక్కున్నాను.

ఆవిడ ఫోను చూసింది. పెదవులు కదులుతున్నాయి. రావట్లేదు. మాట ఏమిటో నాకు తెలుసు, నాలుక చివర ఉంది, నేను అనలేదు. అది ఆవిడ మాట.

"వా… వా… వాడికి?"

"తెలీదు. ఆయనకేం చెప్పలేదు."

ఊపిరి వదిలింది. నేను యాప్ తెరిచి, ఆవిడ చూస్తుండగా అన్నీ చెరిపేశాను. ఒక్కోటి కాదు, మొత్తం ఒకేసారి. టైము, వాన, పాట, అన్నీ. 'వాన' ఒక్కటి ఉంచుకుందామనిపించింది, చెప్పొద్దూ. ఖాళీ తెర చూపించాను.

"పోయాయి అత్తయ్యా. ఇంక లేవు."

తల అడ్డంగా ఊపింది. కళ్ళు మూసుకుంది. మెడ నరం బిగుసుకుంది.

"మ… మళ్ళీ… వస్తాయి. నీ… ఫో… ఫోన్లోకే."

ఎంత చక్కటి వాక్యం! వారం మూగనోముకి ఇంత వాక్యమా! నన్ను తిట్టడానికే వచ్చింది, అయినా చప్పట్లు కొట్టబోయి చేతులు వెనక్కి పెట్టుకున్నాను. మాట కూడా నిజమే. చెరిపితే ఏమవుతుంది? గుండ్రాయి రేపు మళ్ళీ నాకే చెబుతుంది. నేను విననని నా మీద నాకే నమ్మకం లేదు, ఆవిడకెలా ఉంటుంది?

ఫోను నా ఒళ్ళో పడేసింది. తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

"నా… కు. ఫోన్. నా… పేరు… మీద."

ఇన్నేళ్ళూ ఆవిడకి ఫోను లేదు. కావాలంటే నాది, లేకపోతే కొడుకుది. అడగలేదు కదా అని మేమూ కొనలేదు. పెన్షను ఆవిడది, ఓపిక ఆవిడది, గొంతు ఆవిడది, తాళం మాత్రం నా దగ్గర.

"మధ్యాహ్నం వెళ్దాం అత్తయ్యా."

"ఇ… ఇప్పుడు."

గురువారం, ఇంకా

ఇవాళ షాపు తెరవలేదు. బజారు చివర ఫోన్ల షాపు. ఆటో ఎక్కమంటే ఎక్కలేదు, నడుస్తానంది. కర్ర ఎడం చేతిలో, కుడి కాలు కొంచెం ఈడుస్తూ. నేను అరడుగు వెనక. సగం దారిలో ఆగింది. ఆయాసమేమో అనుకుని నోరు తెరవబోయాను. చూపుతో మూయించింది.

"సై… సైజు… సరిపోయింది."

నేను రోడ్డు మీద నిలబడిపోయాను. ఏ సైజు అని అడగలేదు. "పదేళ్ళుగా అదే పని అత్తయ్యా, లెక్క తప్పుతుందా" అనేశాను. అంతకన్నా నోరు కట్టుకోలేను, నేనూ మనిషినే. ఆవిడ సగం మొహంతో నవ్వింది. ఎడమవైపు సగం కాస్త ఎక్కువ లేచింది.

మళ్ళీ నడక మొదలుపెట్టి, "ఇం… ఇంకో… ప్యాకెట్… తేకు," అంది. "నే… నే… అడుగుతా."

"అలాగే."

షాపు గుమ్మం దగ్గర తన వెనకే రాబోయిన నన్ను వేలితో ఆపింది.

"నువ్వు… బయట."

అందుకే బయట నిలబడి ఇది కొడుతున్నాను. గాజు తలుపు. లోపల ఏసీ, తలుపు గట్టిగా మూసుకుంది, ఒక్క ముక్క వినపడదు. లోపలికెళ్ళి "మా అత్తగారికి ఈ మధ్యే ఒంట్లో బాలేదండీ, కాస్త ఓపిగ్గా వినండి" అని చెప్పి వస్తే ఏం పోతుంది? చాలా పోతుంది. చెప్పను.

కౌంటరు మనిషి ఆవిడని చూశాడు. లేచాడు. కుర్చీ చూపించాడు. ఆవిడ కూర్చోలేదు, బల్ల మీద కర్ర ఆనించింది. నోరు తెరిచింది.

రావట్లేదు.

ఆయన ఏదో అందిస్తున్నాడు. వేళ్ళతో పెద్ద ఫోనా, చిన్నదా అని చూపిస్తున్నాడు. అచ్చం నాలాగే. నీళ్ళా, మందా, దుప్పటా. ఆవిడ వెనక ఇద్దరు లైన్లో చేరారు. ఒకామె వాచీ చూసుకుంటోంది. నా చెయ్యి తలుపు పిడి మీద ఉంది. తీసేశాను. ఫోను రెండు చేతులతో పట్టుకున్నాను, టైప్ చేస్తున్నాను, చేతులకి పని ఉండాలి.

అత్తయ్య ఎడం చెయ్యి లేచింది. ఆగు అన్నట్టు. ఆయన ఆగాడు. వాచీ చూసుకునే ఆమె కూడా చెయ్యి కిందకి దించింది. గొంతు లేకుండానే బస్సంతా ఆపేసింది మా అత్తయ్య.

పెదవులు కదిలాయి. ఆగాయి. మళ్ళీ కదిలాయి. ఆయన ముందుకు వంగాడు. ఇంకా వంగాడు. తల ఊపాడు, ఊరికే ఊపడం కాదు, అర్థమైన ఊపు. వెనక అర నుంచి ఒక డబ్బా తీశాడు. ఆవిడ కాదంది. ఇంకోటి తీశాడు. ఆవిడ దాన్ని ఎత్తి చూసి, ఇంకేదో అడుగుతోంది. ఫోను గురించే కాదేమో, అంతసేపు అడుగుతోంది. ఆయన నవ్వాడు. లైన్లో ఆమె కూడా నవ్వింది. ఏమందో నాకు తెలీదు.

ఇంకా చెబుతోంది.